రెండు బొండాలు

భవానీదేవి కాలవ దాటి తమ్ముడి ఇంటికి వచ్చినప్పుడల్లా తాగడానికి నీళ్ళు వెంట తెచ్చుకునేది. అడుగున సొట్టపడిన ఇత్తడి మరచెంబు అది. మూత గట్టిగా తిప్పి, ఎడంచేత్తో పట్టుకుని వంతెన మీద నిదానంగా నడిచి వచ్చేది. తమ్ముడు వెంకటరమణ పోయి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో ఆవిడ ఆ ఇంటికి రావడం మానలేదు, తమ్ముడి భార్య సూర్యావతి చేతి నీళ్ళు ముట్టనూ లేదు. రాకపోకలు మానేస్తే ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటారని వచ్చేదో, మేనల్లుడి మీద ప్రేమకొద్దీ వచ్చేదో గాని, చెంబు మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

ఆ ఆదివారం ఆవిడ వెనకాల కూతురు ఇందిర కూడా వచ్చింది. విశాఖపట్నం యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏదో కిడ్నీల మీద పరిశోధన అని ఊళ్ళో అనుకుంటారు గాని, అదేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు.

సూర్యావతి వీధరుగు మీద కురిడీకాయలు ముందేసుకుని కూర్చుంది. పోయిన ఏడాది వేసవిలో అటకెక్కించిన కాయలవి. పీచు వలవకుండా ఏడాది పాటు అలా వదిలేస్తే లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి గుండులా ఊడి వస్తుంది. ఏ కాయ తయారైందో కంటికి తెలియదు, చెవికి తెలియాలి. ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. నీళ్ళు గళగళమంటే మళ్ళీ అటక మీదకి, గుండు లొటలొటమంటే వలుపుకి. అంబాజీపేట నుంచి వచ్చే వర్తకులు కూడా ఆవిడ పక్కన పెట్టిన కాయని మళ్ళీ ఊపి చూడరు.

"ఎప్పుడొచ్చేవమ్మా?" అంది చేతిలో కాయ దించకుండానే.

"రాత్రే వచ్చేను అత్తా. సతీష్ బయల్దేరిపోతున్నాడని అమ్మ ఫోన్ చేసింది. ఒకసారి వాడితో మాట్లాడాలి."

సూర్యావతి కొడుకు సతీష్ లోపల పెట్టె సర్దుకుంటున్నాడు. పాతికేళ్ళవాడు, ఏసీ మెకానిక్కు. బుధవారం సాయంత్రం హైదరాబాదు బస్సు, శుక్రవారం దోహా విమానం. ఆవకాయ జాడీకి గుడ్డ బిగించి కడుతూ, ఇందిర గొంతు విని నవ్వుకుంటూ బయటికి వచ్చాడు.

"రేపు నాతో అమలాపురం రా సతీష్. కడుపు స్కానింగు తీయిద్దాం. పావుగంట పని," అంది ఇందిర.

"ఎందుకొదినా? గల్ఫ్ మెడికల్ పాసయ్యేను కదా."

"వాళ్ళు రక్తం చూస్తారు, ఎక్స్‌రే చూస్తారు. కిడ్నీలకి స్కానింగు తీయరు. మావయ్యకి రెండు కిడ్నీల నిండా నీటితిత్తులేనని ఆసుపత్రి కాగితాల్లో ఉంది. అది తండ్రి నుంచి బిడ్డలకి దిగే జబ్బు. అందరికీ రాదు, సగం మందికి వస్తుంది. ముందే తెలిస్తే మంచిది."

సతీష్ తేలిగ్గా తల అడ్డంగా ఊపాడు. "నాన్న పోయింది తిత్తుల వల్ల కాదొదినా. బొండం నీళ్ళ వల్ల. డాక్టరుగారే అన్నారు, ఊరందరికీ తెలుసు."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. భవానీదేవి మరచెంబు మూత తిప్పి ఒక గుక్క తాగింది.

"ఆయ్, నిజమేనమ్మా," అంది సూర్యావతి, ఇంకో కాయ అందుకుని.

ఆ రోజు సంగతి ఆ అరుగుకి కూడా గుర్తే. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాక వెంకటరమణని తెచ్చి ఇక్కడే మంచం వేశారు. నోరు ఎండిపోతోందని సాయంత్రం అతనే అడిగాడు. ఆ నేల మీద జ్వరమొచ్చినా బొండమే, చుట్టమొచ్చినా బొండమే, చలవ చేస్తుందని చంటిపిల్లలకీ బొండమే. ఆవిడ రెండు కొట్టి ఇచ్చింది. తెల్లారేసరికి మనిషి లేడు. చూడటానికొచ్చిన డాక్టరు నాడి చూసి, చెయ్యి వదిలేసి, మంచం కింద పడున్న డొల్లలు చూసి, "కిడ్నీలు పోయినవాడికి కొబ్బరినీళ్ళు ఎవరిచ్చేరండి?" అన్నాడు. చుట్టూ ఉన్న పాతికమందీ సూర్యావతి వైపు చూశారు. ఆవిడ అప్పటినుంచి బొండం కొట్టే కత్తి ముట్టలేదు.

సోమవారం పొద్దున్నే ఇందిర ఒక్కతే వచ్చింది. సూర్యావతి పెరట్లో కొబ్బరిచెట్ల కింద ఊడుస్తోంది. రాత్రి గాలికి రాలిన పిందెలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఉసిరికాయంతవి కొన్ని, నిమ్మకాయంతవి కొన్ని. ఇందిర గట్టు మీద కూర్చుని సంచిలోంచి కాగితం తీసింది. దాని మీద గుండ్రాలు, చదరాలు, వాటిని కలుపుతూ గీతలు ఉన్నాయి.

"ఇదేంటే, ముగ్గులా ఉంది?"

"మన ఇల్లే అత్తా. ఆడవాళ్ళు గుండ్రాలు, మగవాళ్ళు చదరాలు. జబ్బున్నవాళ్ళకి నల్లరంగు వేస్తాం." వెంకటరమణ చదరం నల్లగా ఉంది. "పోయిన నెల నేనూ అమ్మా స్కానింగు తీయించుకున్నాం. అమ్మకి లేదు, కాబట్టి నాకూ రాదు. సతీష్ సంగతే తెలియాలి."

సూర్యావతి చీపురు ఆపలేదు. ఊడుస్తూనే అడిగింది. "అసలు ఆ జబ్బు ఎందుకొస్తుంది ఇందిరా? నువ్వు చదివేది అదేనంటగా."

ఇందిర వంగి ఒక పిందె తీసింది. "దీన్నెవరు రాల్చేరు?"

"ఎవరు రాలుస్తారే. చెట్టే రాల్చుకుంటుంది. గెలలో అన్ని పిందెలూ నిలిస్తే ఒక్కటీ కాయవదు."

"మన ఒళ్ళూ అంతే అత్తా. ఒళ్ళంతా కణాలే, కంటికి కనపడనంత చిన్నవి. అక్కర్లేని కణం తన పని అయిపోగానే తనంతట తనే ముడుచుకుని రాలిపోతుంది. ఎవరూ నరకరు. పక్కదానికి దెబ్బ తగలనివ్వదు. ఎప్పుడు రాలాలో దానికి లోపలే రాసిపెట్టి ఉంటుంది. అలా రాలకపోతే తల్లి కడుపులో పిల్ల చేతికి వేళ్ళు కూడా విడిపోవు."

సూర్యావతి తన వేళ్ళ వైపు ఒకసారి చూసుకుంది.

"కిడ్నీలో దారాల్లాంటి సన్నటి గొట్టాలు లక్షలుంటాయి. ఈ జబ్బులో ఆ గొట్టాల గోడల్లో లెక్క తప్పుతుంది. ఒకచోట కణాలు కుప్పలుగా పుట్టుకొస్తాయి, ఇంకోచోట ఉండాల్సినవి రాలిపోతాయి. గోడ సాగి, సంచిలా ఉబ్బి, నీళ్ళు పట్టేస్తుంది. అదే తిత్తి. తిత్తులు పెరిగేకొద్దీ వాటి మధ్య మంచి కిడ్నీ నలిగిపోతుంది."

"ముందు ఏది తప్పుతుంది? పుట్టడమా, రాలడమా?"

ఇందిర ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూసి నవ్వింది. "మా ప్రొఫెసరుగారు కూడా రోజూ అదే అడుగుతారు. ఇంకా ఎవరికీ తెలీదు. ఎలుకల్లో అలా అనవసరంగా రాలడాన్ని ఆపితే తిత్తులు నెమ్మదిగా పెరిగేయని రాసేరు. మనుషులకి అలాంటి మందు ఇంకా లేదు. నేను ఉదయం నుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోపులో రాలిన కణాల్ని లెక్కపెడుతూ ఉంటాను. నువ్వు పిందెలు ఊడ్చినట్టే."

చీపురు ఆగింది. సూర్యావతి పన్నెండేళ్ళుగా అడగని మాట అడిగింది. "మరి నేనిచ్చిన ఆ రెండు బొండాలు?"

"నీకు అబద్ధం చెప్పను అత్తా. పాడైపోయిన కిడ్నీలు కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియాన్ని బయటికి పంపలేవు. అది ఒంట్లో పేరుకుంటే గుండెకి ప్రమాదం. ఆఖరి రోజుని అది ఒక పూట ముందుకి లాగిందేమో, లేదేమో, ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ ఆ కిడ్నీలు నీ పెళ్ళినాటి నుంచీ పాడవుతూనే ఉన్నాయి. జబ్బు నువ్వు ఇచ్చింది కాదు. ఆయన పుట్టుకతో వచ్చింది."

ఈ మాట కోసం ఆవిడ ఎన్ని రాత్రులు ఏడ్చిందో ఆవిడకే తెలుసు. తీరా వచ్చాక సంతోషం కలగలేదు. చీపురు పక్కన పడేసి గట్టు మీద కూర్చుంది.

"నీకొక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు," అంది. "నా వల్లే పోయేరనుకుంటేనే నాకు ధైర్యంగా ఉంటుంది. నేను చేసిందైతే నాతోనే పోతుంది కదా. వాడి జోలికి రాదు కదా. ఊరంతా నన్నన్నా, మీ అమ్మ చెంబు తెచ్చుకున్నా, ఆయ్ అని ఊరుకున్నాను. ఇప్పుడు నా తప్పు లేదంటావు. అయితే వాడి గతేంటి?"

ఇందిర కాగితం మీద పై వరసలో ఖాళీగా ఉన్న చదరం మీద పెన్ను ఆనించింది. "మా తాతయ్య ఎలా పోయేరు అత్తా? అమ్మనడిగితే జ్వరమంటుంది."

"నా పెళ్ళికి ముందే పోయేరమ్మా. నేను చూళ్ళేదు. బొండం అస్సలు పడేది కాదంట ఆయనకి. వాసన చూస్తేనే వాంతి. కోనసీమలో పుట్టి బొండం తాగని మనిషని ఊరంతా నవ్వుకునేవారంట." చెబుతూ చెబుతూ సూర్యావతి ఆగిపోయింది. మరి ఆయన దేంతో పోయేరు అనుకుంటూ లేచి పిందెలు బుట్టలోకి ఎత్తింది.

ఆ సాయంత్రం సతీష్ తలనొప్పిగా ఉందని అరుగు మీద పడుకున్నాడు. తువ్వాలు మడిచి, తల చుట్టూ తిప్పి, కుడి కణత మీద ముడి బిగించాడు. వెంకటరమణ కూడా పొలం నుంచి వచ్చి సరిగ్గా అక్కడే ముడి వేసుకునేవాడు. ఎండదెబ్బ అనేవాడు. సూర్యావతి గుమ్మంలో నిలబడి ఆ ముడిని చూసింది. ఎన్ని కాయల్ని చెవి దగ్గర పెట్టుకుందో లెక్కలేదు గాని, కన్నకొడుకు విషయంలో మాత్రం రెండు చెవులూ మూసుకు కూర్చున్నానని ఆవిడకి అప్పుడనిపించింది.

మంగళవారం దింపు. దింపు తీసే కృపారావు నడుముకి కత్తి దోపుకుని, పొద్దున్నే చెట్లెక్కి గెలలు కోస్తున్నాడు. కాయలు దబదబా నేల మీద పడుతున్నాయి. సతీష్ వాటిని ఏరి కుప్ప వేస్తున్నాడు. భవానీదేవి ఎప్పటిలాగే వచ్చి, మరచెంబు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పక్కనే ఇందిర ఉంది.

సూర్యావతి కొడుకు దగ్గరికి నడిచింది. "రేపు పొద్దున్న ఇందిరతో అమలాపురం వెళ్ళు నాన్నా. ఆ స్కానింగేదో తీయించుకో."

"మళ్ళీ అదేనా? చెప్పేను కదమ్మా. నాన్నకి..."

"నాన్న నా వల్ల పోలేదురా."

ఆ మాట పైకి అనడం ఆవిడకి అదే మొదటిసారి. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

సతీష్ చేతిలో కాయలు కుప్ప మీదకి విసిరాడు. అతని మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ అందరి ముందూ ఒప్పుకున్నావు. రేపు నేను వెళ్ళిపోతుంటే ఇప్పుడు కాదంటున్నావా? నీ మీద మాట పోవడానికి నాకు జబ్బు అంటగడతావా?"

చెట్టు మీద కత్తి చప్పుడు ఆగింది. సూర్యావతి ఏమన్నా తనని తాను వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది. తల్లికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది గాని, ఆవిడ ఆ సమయంలో తన గురించి ఆలోచించడం లేదు. వీడు రేపు బస్సెక్కేస్తాడు, నేను ఆపలేను అని మాత్రమే అనుకుంటోంది.

"సతీష్, ఇలా రా," అంది భవానీదేవి.

అతను రాలేదు. ఆవిడే అరుగు దిగి ఎండలోకి వచ్చింది.

"మీ తాతగారు జ్వరమొచ్చి పోలేదురా. మీ నాన్నలాగే పోయేరు. మొహం వాచింది, కాళ్ళు వాచేయి, కడుపు రెండువైపులా గట్టిగా రాళ్ళలా తగిలేది. ఆఖరికి మూత్రం ఆగిపోయింది. నలభై ఎనిమిదేళ్ళు ఆయనకి. కాళ్ళు పట్టింది నేనే." ఆవిడ ఊపిరి తీసుకుంది. "మరి ఆయనకి బొండం ఎవరిచ్చేరు? వాసన కూడా పడని మనిషికి."

 ఇందిర మెల్లిగా లేచి నిలబడింది.

"జ్వరమని చెప్పమంది మా అమ్మ. తమ్ముడికి సంబంధాలు రావని. అలాగే చెప్పేం. తర్వాత తమ్ముడూ అలాగే అయ్యేడు. ఇంక దాచలేం అనుకుంటుంటే ఆ డాక్టరు బొండం మాటెత్తేడు." ఆవిడ మరదలి వైపు తిరిగింది గాని, కళ్ళెత్తి చూడలేకపోయింది. "నాకు ప్రాణం లేచొచ్చింది సూర్యావతీ. తమ్ముడు పోయిన రోజున నాకు ప్రాణం లేచొచ్చింది. మా రక్తంలో లేదనుకోవచ్చు కదా. నా పిల్లకి రాదనుకోవచ్చు కదా. నీ చేతి నీళ్ళు తాగితే, నువ్వు తప్పు చెయ్యలేదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ఆ చెంబు. పోయిన నెల నా పిల్లకి లేదని తేలేక గాని నాకు నోరు రాలేదు. అదీ నా బతుకు."

సూర్యావతికి కోపం వచ్చింది. పన్నెండేళ్ళ కోపం ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. ఒక మాట అనేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ నా పిల్లకి రాదనుకోవచ్చు కదా అన్న ఆ మాట దగ్గరే ఆవిడ ఆగిపోయింది. నిన్న గట్టు మీద కూర్చుని తను అన్నదీ అదే. కాలవకి ఇవతల ఒకతె, అవతల ఒకతె, తమ బిడ్డ కోసం ఇద్దరూ ఆ రెండు బొండాల్నే పట్టుకుని వేలాడారు.

"కూర్చోండి వదినగారూ, ఎండగా ఉంది," అంది చివరికి.

సతీష్ తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, "ఎన్నింటికొదినా?" అని అడిగాడు.

"ఏడింటికి బయల్దేరదాం. ఏమీ తినకు. నీళ్ళు బాగా తాగి, మూత్రం ఆపుకుని ఉండాలి."

బుధవారం నలుగురూ ఆటోలో అమలాపురం వెళ్ళారు. స్కానింగు దగ్గర ముందు ఆరుగురున్నారు. సతీష్ బెంచీ మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంటే, పొట్ట నిండేదాకా నీళ్ళు తాగించమని నర్సు చెప్పింది. తెచ్చుకున్న సీసా చాల్లేదు. భవానీదేవి మరచెంబు మూత తిప్పి మేనల్లుడికి అందించింది. అతను చెంబెత్తి గడగడా తాగేశాడు.

లోపల గది చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరమ్మ సతీష్ నడుము పక్కన జిగురు లాంటిది రాసి, చేతిలోని పరికరాన్ని నెమ్మదిగా జరిపింది. సూర్యావతి తెర వైపు చూసింది. బూడిదరంగు మసకలో నల్లటి చుక్కలు కనిపించాయి. ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొడుకు పాదం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఉన్నాయండి," అంది డాక్టరమ్మ. "కుడివైపు నాలుగు, ఎడమవైపు మూడు. అన్నిటికన్నా పెద్దది బఠాణీగింజంత. చుట్టూ కిడ్నీ చక్కగా ఉంది." తర్వాత బీపీ చూసి కనుబొమలు ముడిచింది. ఎక్కువగా ఉంది. ఆ తలనొప్పి అందుకేనంది.

రక్తపరీక్ష కాగితం వచ్చేసరికి పదకొండయింది. కిడ్నీలు పూర్తిగా పనిచేస్తున్నాయి. డాక్టరమ్మ మాత్ర రాసింది. రోజూ వేసుకోవాలి, ఒక్క రోజు మానకూడదు. ఆవకాయ, ఎండుచేపలు తగ్గించాలి. ఎండదేశంలో పనికి వెళ్ళొచ్చు గాని నీళ్ళు తాగుతూ ఉండాలి. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి.

"మా నాన్న నలభై నాలుక్కి పోయేరండి," అన్నాడు సతీష్. 

"ఆయనకి ఎప్పుడు తెలిసింది?"

"కాళ్ళు వాచేక."

"నీకు ఇప్పుడే తెలిసింది కదా. ఇప్పటినుంచీ బీపీ అదుపులో ఉంచుకుంటే ఎన్నో ఏళ్ళు కలిసొస్తాయి. అప్పటికి మందులు కూడా రావచ్చు."

సతీష్ ఇందిర వైపు చూశాడు. "రాలిన కణాల్ని లెక్కపెడతావని అమ్మ చెప్పిందొదినా. కాస్త తొందరగా లెక్కపెట్టు." ఇందిర నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

బయటికి వస్తూ సూర్యావతి వెనకబడింది. గుమ్మం దగ్గర ఆగి, కొంగు చేతికి చుట్టుకుంటూ అడిగింది. "బొండం తాగొచ్చాండి వాడు?"

"ఎందుకు తాగకూడదండి? కిడ్నీలు బాగున్నన్నాళ్ళూ నిక్షేపంగా తాగొచ్చు."

ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సతీష్ పెట్టె తెరిచి ఆవకాయ జాడీ తీసి బయట పెట్టాడు, దాని చోట మాత్రల పొట్లం పెట్టాడు. సాయంత్రం బస్సుకి ఇంకా నాలుగు గంటలుంది. నిన్న కృపారావు దింపిన లేత గెల ఒకటి అరుగు పక్కన నీడలో అలాగే ఉంది. సూర్యావతి వంటింట్లోకి వెళ్ళి, చూరులో దోపిన కత్తి తీసింది. తుప్పు పట్టి ఉంది. గచ్చు మీద నీళ్ళు చల్లి, కూర్చుని, పదును వచ్చేదాకా నూరింది. 

మొదటి దెబ్బ జారింది. రెండో దెబ్బకి బొండం కన్ను తెరుచుకుంది. సతీష్ రెండు చేతులా అందుకుని, ఆగకుండా తాగి, డొల్ల కింద పెట్టాడు. మూతి తుడుచుకుంటూ, "తియ్యగా ఉందమ్మా," అన్నాడు. పదమూడేళ్ళప్పుడు అనేవాడే, సరిగ్గా అలాగే.

భవానీదేవి అరుగు చివర కూర్చుని ఉంది. మరచెంబు పక్కనే ఉంది గాని, మేనల్లుడు పొద్దున్నే ఖాళీ చేసేశాడు. కాలవ అవతలికి వెళ్ళి నింపుకు రావడానికి ఆవిడకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఆవిడ లేవలేదు.

"నాకూ ఒకటి కొట్టు సూర్యావతీ. దాహంగా ఉంది," అంది.

సూర్యావతి గెలలోంచి ఇంకొకటి తెంపింది. అలవాటు కొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లేత బొండం అంచుదాకా నిండి ఉంటే చప్పుడు చెయ్యదు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కత్తి అందుకుని, చెక్కడం మొదలుపెట్టింది.